కాదనడానికి ఒకటి

డిజైన్ కంపెనీలో పదహారేళ్లు పనిచేసినవాణ్ణి గుర్తుపట్టడం సులువు. హోటల్‌కి వెళితే తిండి సంగతి మరిచి మెనూ కార్డులో అక్షరాల మధ్య ఎడం చూస్తూ కూర్చుంటాడు. ఎవరైనా "బాగుంది" అంటే బెదిరిపోతాడు. ఆ మాట వెనకాలే "కానీ" వస్తుందని అతనికి తెలుసు.

మన డిజైనరు అచ్చం అలాంటివాడే. అందరికీ తలరాత ఉంటే ఇతనికి తలగీత ఉంది. పొద్దున గీసింది మధ్యాహ్నం చెరపడం, సాయంత్రం ఎవరో వచ్చి "మొదటిదే నయమండీ" అంటే మళ్ళీ అదే గీయడం. పెట్టెల మీద బొమ్మల నుంచి దుకాణాల్లో గదుల దాకా అన్నీ ఇదే వరస.

యజమానికి ఆఫీసువాళ్ళు పెట్టుకున్న పేరు ఇంకొంచెంగారు. ఏం చూపించినా ఆయన తల పక్కకి వంచి, ఒక కన్ను మూసి, "ఇంకొంచెం" అనేవాడు. ఇంకొంచెం ఏమిటో చెప్పేవాడు కాదు. అది తెలిస్తే తనే గీసుకునేవాడు.

ఆ ఆఫీసుకి తలుపులు లేవు, గోడలన్నీ అద్దాలే. ఆలోచనలు ధారాళంగా పారాలని అలా కట్టించారట. ఆలోచనల సంగతేమో కానీ, ఒకరు ఆవలిస్తే మాత్రం హాలంతా ఆవలించేది.

ఆ నెల అతనికి తగిలినవాడు ఒక తలగడల కంపెనీ ఆసామి. పెట్టె మీద హాయిగా నిద్రపోతున్న మనిషి బొమ్మ కావాలన్నాడు. మన డిజైనరు ఇరవై ఆరుగురిని నిద్రపుచ్చాడు. ఒకడు పోయినట్టున్నాడన్నారు. ఒకడు అప్పులవాళ్ళు వచ్చారని నటిస్తున్నట్టున్నాడన్నారు. ఇరవై ఆరోవాణ్ణి చూసి తలగడలాయన, "నిద్ర ఉందయ్యా, హాయి లేదు" అన్నాడు.

హాయి ఎక్కడినుంచి వస్తుంది? గీసేవాడికి నిద్ర కరువై నెలయింది. ఇలా కళ్ళు మూస్తే అలా ఫోను మోగేది. "పడుకున్నారా?" అని ఇంకొంచెంగారు అడిగేవాడు. "లేదండి" అని ఇతను నిజమే చెప్పేవాడు.

అందుకే ఇంట్లో సామాన్లు పడేసిన చిన్నగది మీద అతను ఆశ పెట్టుకున్నాడు. కిటికీకి మందపాటి తెర, ఒక మంచం, లోపలినుంచి గడియ. ఆదివారం అందులో దూరితే సోమవారం దాకా ప్రపంచానికి కనపడకూడదు.

ఆ గది మీద భార్యకీ కన్నుంది. ఆవిడ పన్నెండేళ్లుగా భోజనాల బల్ల మీదే బట్టలు కుడుతోంది. తినేముందు మిషను దింపడం, తిన్నాక ఎక్కించడం. ఒకసారి కూరలో గుండీ వచ్చింది. ఇప్పుడు చుట్టుపక్కల ఆడవాళ్ళు ఆరుగురు కుట్టుపని నేర్పమని ఆవిడ వెంటపడుతున్నారు.

"ఏవండీ, వాళ్ళకి మాటిచ్చేశాను. ఆ చిన్నగది ఎలా సర్దుకోవాలో ఒక బొమ్మ గీసివ్వండి. ఊరందరికీ గీస్తారు కదా."

"ఊరందరూ నా ప్రాణం తీస్తున్నారే."

"నేను తియ్యనులెండి. ఒక్కసారి చూపిస్తే చాలు, సరే అనేస్తాను."

పదహారేళ్లలో ఏ క్లయింటూ అనని మాట అది. ఆ మాట వినగానే అతనికి పాపపు ఆలోచన వచ్చింది.

డిజైన్ కంపెనీల్లో ఒక కిటుకుంది. క్లయింటుకి ఏదో ఒకటి కాదంటే తప్ప తృప్తి ఉండదు కనక, కాదనడానికని ఒక ఘోరమైన సంగతి మనమే బొమ్మలో పెట్టాలి. ఆయన దాన్ని పట్టుకుని పొంగిపోతాడు, మిగిలినదంతా చల్లగా ఒప్పేసుకుంటాడు. ఆఫీసులో దాన్ని దిష్టిచుక్క అనేవారు.

మన డిజైనరు ఆఫీసులోనే కూర్చుని చిన్నగది గీశాడు. నడిమధ్యన మంచం. తలుపు వెనక, మనిషి ఊపిరి బిగబట్టి నిలబడితే పట్టేటంత చోట కుట్టుమిషను. ఇక దిష్టిచుక్కగా, గోడలన్నిటికీ ముదురు ఊదారంగు, దాని మీద పళ్ళేలంత నారింజరంగు వలయాలు. ఆ గోడలు చూశాక ఆవిడ మంచం వైపు చూడదని ధీమా.

పక్క సీట్లో అక్షరాలు దిద్దే ఆవిడ ఉంది. అందరూ అక్షరాలక్కయ్య అంటారు. ఆవిడ తొంగిచూసింది.

"ఇది ఏ క్లయింటుకి?"

"ఇంట్లో క్లయింటుకి, అక్కయ్యా."

ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "వద్దు నాయనా. క్లయింటు సాయంత్రానికి తన ఇంటికి తాను పోతాడు. ఈవిడ నీ ఇంట్లోనే ఉంటుంది."

వినలేదు. వినేవాడైతే ఆ ఉద్యోగం ఎప్పుడో మానేసేవాడు.

శనివారం భార్య బొమ్మని కిటికీ దగ్గర పట్టుకుని చాలాసేపు చూసింది. అతను లోలోపల అంకెలు లెక్కపెట్టుకుంటూ, పదిలోపు "ఇదేం రంగు" అంటుందని ఎదురుచూశాడు. ముప్ఫై దాటింది.

"గోడలు ఎంత బాగున్నాయండీ" అంది.

అతను "కానీ" కోసం ఆగాడు. రాలేదు.

"మరీ ముదురుగా ఉన్నాయేమో" అన్నాడు మెల్లగా.

"ఉండనివ్వండి. చూస్తే నిద్ర రాదు, కుట్టేవాళ్ళకి అదే కావాలి. ఈ మంచం ఎందుకు?"

"కుట్టిన బట్టలు మడతపెట్టుకోవడానికి."

"బట్టలకి తలగడ కూడానా?"

అతను బొమ్మలోకి చూశాడు. పాడు అలవాటు, నెల రోజుల చేతివాటం. మంచం మీద తలగడ గీసేశాడు, దాని పక్కన దుప్పటి కూడా.

"మంచం తీసేసి అక్కడ కత్తిరింపుల బల్ల వేద్దాం. మిషన్లు కిటికీ వైపు. మిగతాదంతా మీరు గీసినట్టే" అంది ఆవిడ.

"పోనీ, రంగు ఇంకోసారి ఆలోచిద్దామా?"

"వద్దండీ. ఆఫీసులో మీ బొమ్మల్ని అందరూ కాదంటున్నారని ఎంత నలిగిపోతున్నారో చూస్తున్నాను. ఇంట్లో కూడా కాదంటే ఎలా?"

అతను పెన్సిలు తీసి మంచం కొట్టేశాడు. ఆవిడ మరీ మెత్తగా అంది మరి.

ఆదివారం తెల్లవారుజామునే అతను గదిలో సామానంతా, పాత పరుపులు తప్ప, బయటికి మోశాడు. పొద్దున్నే రంగులతను వచ్చి బొమ్మ చూశాడు, డిజైనరుని చూశాడు, ఆవిణ్ణి చూశాడు. "ఊదా వేసి పోతానమ్మా. వలయాలు నావల్ల కాదు. నేను వేశానని మాత్రం ఎవరికీ చెప్పకండి" అన్నాడు.

అతను వేసి వెళ్ళాక, తడి ఆరగానే మన డిజైనరు నిచ్చెనెక్కాడు. దారానికి ఒక కొసన సుద్దముక్క కట్టి, గోడకి మేకు కొట్టి, తిప్పి వలయం గీయడం, లోపల నారింజ నింపడం. కింద ఆవిడ తల పక్కకి వంచి నిలబడింది.

"ఆ మూలది కాస్త గుడ్డులా వచ్చిందండీ."

"గోడే వంకరగా ఉంది."

"గోడని ఎవరూ చూడరు, గుడ్డునే చూస్తారు."

దిద్దాడు. పంతొమ్మిదో వలయం దగ్గర జేబులో ఫోను మోగింది. "తలగడలాయనకి ఇంకో ముఖం కావాలట. రేపు పదింటికి తనే వస్తున్నాడు. హాయి ఇంకొంచెం" అన్నాడు ఇంకొంచెంగారు. ఫోను చెవికీ భుజానికీ మధ్య నొక్కుకుని, "సరేనండి" అంటూ ఒక మెట్టు దిగాడు. ఆ మెట్టు మెట్టు కాదు, నారింజరంగు డబ్బా.

పడింది మెత్తగానే, పాత పరుపుల మీద. డబ్బా మాత్రం హాలుదాకా దొర్లింది. దాన్ని ఆపడానికి అతనూ పరిగెత్తాడు. హాల్లో ఎవరు ఎటు వెళ్ళారో పాదాల గుర్తులు చూసి చెప్పేటట్టుగా అయింది. సాయంత్రం దాకా భార్యాభర్తలిద్దరూ నేల తుడిచారు, ఆ తరవాత అతను మళ్ళీ నిచ్చెనెక్కాడు. మొత్తం నలభై ఒక్క వలయాలు.

సోమవారం పదింటికి అతను ఒక చెవి నారింజరంగులో, ఒళ్ళంతా నొప్పులతో అద్దాల గదిలో కూర్చున్నాడు. ఎదురుగా తలగడలాయన, పక్కన ఇంకొంచెంగారు. బల్ల మీద ముట్టుకుని చూడమని తెచ్చిన కొత్త తలగడ. ఇంకొంచెంగారు ఉపన్యాసం మొదలుపెట్టాడు. మన డిజైనరు ముట్టుకునే చూశాడు. మొదట చేత్తో, తరవాత మోచేత్తో, తరవాత తెలియదు.

మెలకువ వచ్చేసరికి హాలంతా అద్దం అవతల నిలబడి ఉంది. నోటి పక్క తలగడ తడిసింది. ఇంకొంచెంగారి ముఖం సున్నం కొట్టినట్టుంది. తలగడలాయన ఫోనుతో వంగి ఫొటో తీస్తున్నాడు.

"కదలకయ్యా" అన్నాడు ఆయన. "ఇదే. నెల రోజుల నుంచి నేనడిగింది ఈ ముఖమే. ఆ తెరుచుకున్న నోరు కూడా ఉంచండి, తీసెయ్యకండి."

ఇంకొంచెంగారు ఒక కన్ను మూశాడు. తెరిచాడు. పదహారేళ్లలో మొదటిసారి ఆయనకి అడగడానికి ఏమీ మిగల్లేదు. "ఇవాళ్టికి ఇంటికి వెళ్ళు" అన్నాడు.

పన్నెండింటికి అతను ఇంటికొచ్చి చిన్నగది తలుపు తోశాడు. లోపల ఆరుగురు ఆడవాళ్ళు, మూడు మిషన్లు, నడుమ బల్ల. ఊదా గోడ ఎక్కడా కనబడలేదు. పైనుంచి కిందిదాకా గోడలన్నిటికీ మీగడరంగు గుడ్డ, మేకు మేకుకీ చక్కగా తగిలించి ఉంది. అతను వలయాలకని కొట్టిన మేకులే.

భార్యని వంటింట్లోకి పిలిచాడు. "నా గోడలేవి?"

"ఉన్నాయిగా, గుడ్డ కింద. చూడలేక ఒకామెకి కళ్ళు తిరిగాయి."

"బాగున్నాయన్నావు."

"బాగాలేదంటే రంగు మారుద్దామని, మంచం ఉంచేసేవారు. బాగుందన్నాను, ఒక్క ఆదివారంలో గది ఖాళీ అయింది. మూడేళ్లుగా అడుగుతున్నానండీ, ఖాళీ చెయ్యమని."

అతను వంటింటి స్టూలు మీద కూర్చున్నాడు. "దిష్టిచుక్క సంగతి నీకెవరు చెప్పారు? అక్షరాలక్కయ్యా?"

"మీరే. పెళ్ళైన కొత్తలో మీ ఆఫీసు కబుర్లు చెప్పి తెగ నవ్వేవారు. అప్పట్నుంచీ నేనూ అదే పద్ధతిలో వెళ్తున్నాను."

"అంటే?"

"చిలక కావాలని ఒక ఏడాది పోరాను, గుర్తుందా?"

"ఉంది. వద్దంటే వద్దన్నాను. గట్టిగా చెప్పాను."

"చెప్పారు. ఆ నెలే వాషింగ్ మెషీను వచ్చింది."

అతను నేల చూపులు చూశాడు. హాల్లో ఉయ్యాల వద్దన్నది గుర్తొచ్చింది. ఎర్ర ఫ్రిజ్ వద్దన్నది గుర్తొచ్చింది. వెనక్కి వెళ్ళేకొద్దీ, ఇంట్లో తన మాట నెగ్గిందనుకున్న రోజులన్నీ ఒక్కొక్కటే ఖాళీ అయ్యాయి.

"మరి నేనెక్కడ పడుకోను?"

ఆవిడ అతని చెవి మీది రంగు కొంగుతో తుడవబోయి, అది రాదని తెలిసి వదిలేసింది. "పడకగదిలో. మీకు లేనిది గది కాదండీ. ఆ ఫోను ఇలా ఇవ్వండి."

ఇచ్చాడు. వెళ్ళి పడుకున్నాడు. కళ్ళు మూశాడో లేదో గోడ అవతల ఫోను మోగనే మోగింది. అలవాటుగా సగం లేచి కూర్చున్నాడు.

"ఆయన పడుకున్నారండి" అంటోంది భార్య. "రేపా? లేదండీ. డాక్టరుగారు చెప్పకపోయినా నేనే చెబుతున్నాను. ఒక నెల రోజులు రారు."

అవతల చాలా గట్టిగా ఏదో అన్నారు. ఆవిడ ఓపిగ్గా విన్నది.

"అయ్యో, మీరింతగా అడుగుతుంటే నేనెలా కాదంటాను?" అంది. "సరే, వారం రోజులు చాలు."

అతను దుప్పటి తలదాకా లాక్కుని, మళ్ళీ పడుకున్నాడు.