అత్తగారి ప్రవేశ వివరాలు

ఫారాలు నింపడంలో నన్ను మించినవాడు లేడని నా గట్టి నమ్మకం. ఎందుకుండదు చెప్పండి? లిఫ్టుల కంపెనీలో ఫిర్యాదుల గుమాస్తాని. లిఫ్టులో ఇరుక్కుపోయి లబోదిబోమంటూ ఫోన్ చేసినవాణ్ణి కూడా "ముందు ఇంటిపేరు చెప్పండి" అని అడిగేంత నిబ్బరం నాది. అందుకే మా అత్తగారిని ఈ దేశంలోనే ఉండనివ్వమని పెట్టే ఇమ్మిగ్రేషన్ అర్జీని నేనే నెత్తికెత్తుకున్నాను.

"ఎవరైనా ఏజెంటుకి ఇద్దామండీ," అంది మా ఆవిడ.

"ఇంట్లో నేనుండగానా?"

"మీరున్నారనేగా నా భయం."

భర్త మీద ఎంత నమ్మకమో చూశారా! అయినా ఆవిడ బెంగ నాకు తెలుసు. వాళ్లమ్మ చుట్టపుచూపు వీసా మీద వచ్చింది. గడువులోగా అర్జీ పడకపోతే తిరిగి వెళ్లిపోవాలి.

"పనినుంచి వచ్చేసరికి 'తిన్నావా' అని అడిగే మనిషి ఇన్నాళ్లకి దొరికిందండీ," అంది.

"నేనూ అడుగుతాగా!"

"మీరు 'వండావా' అని అడుగుతారు."

అత్తగారి మీద నాకేం కోపం లేదు, ఒట్టు. కాకపోతే ఆవిడకి సర్దే జబ్బుంది. ఆవిడ వచ్చిన దగ్గర్నుంచీ నా సాక్సులు పుస్తకాల అరలోనూ, టీవీ రిమోటు పూలకుండీ పక్కనా దొరుకుతున్నాయి. ఇక కిటికీ పక్కన నా కుర్చీ ఉండేది చూడండి, అదిప్పుడు ఆవిడది. పోనీ అర్జీ మీద సంతకమైనా పెట్టిందా అంటే, కూతురు అడిగినప్పుడల్లా "ఆఖర్న పెడతాలేవే" అని దాటేస్తోంది.

ఆదివారం పొద్దున్నే మా ఆవిడ కళ్లజోళ్ల షాపుకి డ్యూటీకి వెళ్లింది. నేను కళ్లజోడు తగిలించుకుని అర్జీ ముందేసుకుని కూర్చున్నాను. ఆ కళ్లజోడు మా ఆవిడ చేత్తో చేసిందే. అది లేకపోతే దగ్గరున్న అక్షరం నాకు చీమల బారులా కనిపిస్తుంది. అర్జీ ఈ దేశపు భాషలో ఉంటుంది, అత్తగారికి ఆ భాష రాదు. ప్రశ్న నేను చదివి తెలుగులో చెప్పాలి, ఆవిడ జవాబు చెప్పాలి. అదీ ఏర్పాటు.

"ఈ దేశంలోకి ఎలా ప్రవేశించారు? విమానంలోనా, ఓడలోనా, నడిచా?"

"మీరేగా ఎయిర్‌పోర్టుకి వచ్చారు అల్లుడుగారూ. ఆలస్యంగా."

"ఆలస్యం రాయడానికి గడి లేదండీ. ప్రవేశించేటప్పుడు అధికారి తనిఖీ చేశాడా?"

"పెట్టంతా కెలికిపోశాడు. మళ్లీ నేనే సర్దుకున్నా. పనిలో పనిగా అతని బల్ల కూడా సర్దాను."

అప్పుడు తట్టింది నాకా దివ్యమైన ఆలోచన. కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి, కాసేపు కళ్లు నలుపుకుని, కాగితం ఎత్తి పట్టుకుని గడగడా అందుకున్నాను.

"దేశంలోకి వచ్చాక ఇంట్లో ఏయే గదుల్లోకి ప్రవేశిస్తున్నారు? కారణం?"

అత్తగారు నా మొహంలోకి ఒక్క క్షణం చూసింది. "ఇవి కూడా అడుగుతారా?"

"ఇక్కడి ప్రభుత్వం సంగతి మీకు తెలీదు అత్తయ్యగారూ. ఇంటి యజమాని కుర్చీలో కూర్చున్నారా? అతని వస్తువుల్ని అనుమతి లేకుండా ఒకచోటి నుంచి మరోచోటికి తరలించారా?"

"తరలించాను బాబూ," అంది తల వంచుకుని. "ఇప్పుడెలా మరి?"

"కంగారేం లేదు. అర్జీ తేలేదాకా ఆ కుర్చీ వదిలెయ్యండి. వంటింట్లోకి వెళ్లాలన్నా, ఏది కదపాలన్నా, యజమానికి కారణం చెప్పి అనుమతి తీసుకోండి. అధికారులు ఎప్పుడైనా వచ్చి వాకబు చెయ్యొచ్చు."

"అలాగే. ప్రభుత్వం మాట కాదంటామా!"

ఎన్నాళ్లకెన్నాళ్లకి నా కుర్చీలో కాళ్లు చాపుకున్నానో! ఆ వైభోగం కాఫీ వేళ దాకా నిలిచింది.

వంటింటి గుమ్మం బయట అత్తగారు చేతిసంచీ భుజాన వేసుకుని, పాస్‌పోర్టు పట్టుకుని నిలబడింది. "అల్లుడుగారూ, ప్రవేశం."

"కారణం?"

"కాఫీ."

"వెళ్లండి."

"పంచదార డబ్బా పైనుంది. కిందికి తరలించనా?"

"తరలించండి."

"చెంచా?"

"తరలించండి!"

"పాలు గిన్నెలోంచి గ్లాసులోకి..."

"అత్తయ్యగారూ!"

"మీరేగా అన్నారు, ఎవరైనా వాకబు చేస్తే..."

కాఫీ చేతికొచ్చేసరికి అది చల్లారింది, నేను వేడెక్కాను. మధ్యాహ్నం ఆవిడ అసలు వంటింటి వైపే రాలేదు. "ఇన్నిసార్లు ప్రవేశిస్తే అనుమానం వచ్చి అర్జీ కొట్టేస్తారేమో బాబూ. పిల్ల బెంగపెట్టుకుంటుంది," అంది ఎంతో వినయంగా. అన్న మాట వెనక్కి తీసుకుందామంటే పరువు అడ్డొచ్చింది. రొట్టెముక్క నీళ్లలో ముంచుకు తిన్నాను.

సాయంత్రానికి కడుపులో ఎలకలు పరిగెత్తుతుంటే నేనే వంటకి దిగాను. ఏ డబ్బాలో ఏముందో ఆవిడకి తప్ప ఎవరికీ తెలీదు. బియ్యం వెతికేలోపు మూకుడులో నూనె పొగలు కక్కింది. పొగ అలారం కూతపెట్టింది. కింది వాటా ఆయన బకెట్టుతో పరిగెత్తుకొచ్చాడు.

అత్తగారు మాత్రం గడప దగ్గరే ఉంది. "లోపలికి రావచ్చా? కారణం, మంట."

"రండి, మీకు పుణ్యముంటుంది, రండి!"

"నోటిమాట చాలా, కాగితం మీద రాసిస్తారా?"

సరిగ్గా అప్పుడే మా ఆవిడ వచ్చింది. పొగ చూసింది, బకెట్టాయన్ని చూసింది, పాస్‌పోర్టుతో నిలబడ్డ వాళ్లమ్మని చూసింది, మసిబారిన గరిటెతో నన్ను చూసింది. స్టవ్ ఆర్పింది. సంగతంతా వాళ్లమ్మ పూసగుచ్చినట్టు చెబితే, అర్జీని మొదట్నుంచీ చివరిదాకా చదివింది.

"ఆ ప్రశ్నలు ఎక్కడున్నాయండీ?"

"వెనకపేజీలో... అనుకుంటా."

"వెనకపేజీ ఖాళీ."

తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. అప్పుడు భయమేసింది. ఒక తెల్లకాగితం తీసి, కలం మూత విప్పింది. "అమ్మని ఇక్కడ ఉంచుకునేది మనమేగా. మీ ప్రవేశ వివరాలు కూడా కావాలి. కూర్చోండి. అమ్మా, నువ్వడుగు."

"వంటింట్లోకి మొదటిసారి ఎప్పుడు ప్రవేశించారు?" అంది అత్తగారు.

"ఇవాళే."

"అబద్ధం," అంది మా ఆవిడ రాస్తూ. "రోజూ ఫ్రిజ్ దాకా వస్తారు."

"అది ప్రవేశం కాదోయ్, ట్రాన్సిట్!"

"ఎయిర్‌పోర్టుకి ఆలస్యంగా వచ్చారా?"

"దానికి గడి లేదుగా!"

"ఇప్పుడే గీశాను," అంది మా ఆవిడ.

అత్తగారు నవ్వి, ఆ తర్వాత నవ్వు ఆపేసి, చేతిసంచీ ఒళ్లో పెట్టుకుంది. "ఆఖరి ప్రశ్న. మీ అత్తగారు ఇక్కడ ఉండిపోవడం మీకు ఇష్టమేనా? అవునా, కాదా?"

మా ఆవిడ కలం ఆగిపోయింది.

"ఇన్ని గడులున్నాయి, ఆ ఒక్కటి మాత్రం ఎవరూ అడగలేదు బాబూ. అది తెలీకుండా సంతకమెలా పెట్టను?"

నాకు నిజంగా సిగ్గేసింది. కుర్చీ కోసం ఇంత తతంగం చేశాను గానీ, ఆవిడ ఇన్నాళ్లూ దేనికోసం ఎదురుచూస్తోందో కనిపెట్టలేకపోయాను. "అవునండీ," అన్నాను. వినపడిందో లేదోనని మళ్లీ గట్టిగా అన్నాను.

"అయితే మీ చేత్తో టిక్కు పెట్టండి."

కలం తీసుకున్నాను. గడి కనపడలేదు. కళ్లజోడు కోసం బల్లంతా తడిమాను.

"నుదుటి మీదుంది," అంది అత్తగారు. "పొద్దున్న కూడా అక్కడే ఉంది. అది లేనిదే అక్షరమ్ముక్క కనపడని మనిషి గడగడా చదివేస్తుంటే, ఆ ప్రశ్నలు ఏ ప్రభుత్వానివో నాకు తెలీదా?"

"అంటే పొద్దుట్నించీ మీరు..."

"అల్లుడు ముచ్చటపడుతున్నాడు కదా అని ఊరుకున్నా."

మా ఆవిడ పొట్ట పట్టుకుని నవ్వింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. అత్తగారు అర్జీ మీద సంతకం పెట్టి, నేరుగా వెళ్లి కిటికీ పక్క కుర్చీలో కూర్చుంది. నేను నోరెత్తకుండా వంటింటి వైపు నడిచాను.

"ఆగండి," అంది వెనకనుంచి. "ప్రవేశానికి కారణం?"

"మీ ఇద్దరికీ కాఫీ."

"ఇలా ఎన్నాళ్లు?"

"మీరున్నన్నాళ్లూ."

"రాసుకోవే," అంది కూతురితో. అప్పటికే మా ఆవిడ రాసేసింది.