నట్టలు లేని రాజ్యంలో చుక్కి

"ఈ మూడు జిల్లాలల్ల ఏ గుర్రం కడుపుల ఒక్క నట్ట కనవడ్డా నా పేరు దశరథమే కాదు!"

గద్వాలలో వేదికెక్కి అశ్వ సంక్షేమ మండలి చైర్మన్ దశరథం గారు ఈ మాట అనగానే జనం చప్పట్లు కొట్టారు. నట్టలంటే పశువుల కడుపులో పెరిగే పురుగులని తెలిసినవాళ్లు కొట్టారు. తెలియనివాళ్లు ఇంకా గట్టిగా కొట్టారు.

దశరథం గారు సామాన్యులు కారు. పార్టీ కోసం ఏళ్ల తరబడి ఫ్లెక్సీలు కట్టించిన మనిషి. పార్టీ గెలిచాక గొర్రెల పదవి ఒకరికి, చేపల పదవి ఇంకొకరికి పంచుకుంటూ పోతే ఆయన దాకా వచ్చేసరికి ఏమీ మిగల్లేదు. అప్పుడు ఎవరో పుణ్యాత్ములకు గుర్రాలు గుర్తొచ్చాయి. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు మూడింటికీ కలిపి ఒక మండలి పుట్టింది. అసలు ఇక్కడ గుర్రాలెన్ని ఉన్నాయని అడిగిన కార్యకర్తను పార్టీ నుంచి సస్పెండ్ చేశారు.

ఉన్న కొద్దిపాటి గుర్రాల్లో కిష్టమ్మ గుర్రం చుక్కి ఒకటి. నుదుట తెల్లటి చుక్క ఉంటుంది కాబట్టి ఆ పేరు. పెళ్లికొడుకులను మోయడం దాని పని. బ్యాండు వాయించనీ, పటాకులు పేల్చనీ, బెదరదు. ప్రతి పెళ్లిలో ఎవరో ఒకరు ఫోటో కోసం బెల్లం ముక్క పెడతారు గనుక, ఎదురుగా కెమెరా కనిపిస్తే చాలు, నోరు తెరుస్తుంది. కిష్టమ్మ మొగుడు పోయాక ఆ ఇంట్లో పొయ్యి వెలుగుతున్నది చుక్కి కాళ్ల సత్తువతోనే.

ఈ నోరు తెరిచే గుణమే దాని కొంప ముంచింది. చైర్మన్ గారి ప్రతి ప్రారంభోత్సవానికీ చుక్కే కావలసి వచ్చింది. రిబ్బన్ కత్తిరించడం, చుక్కి నోరు తెరవడం, చైర్మన్ గారు నట్టల మందు ట్యూబు పట్టుకుని నాలుక మీద ఇంత పూయడం, ఫోటో. మిగిలిన ట్యూబుకు మూత పెట్టి ఆయన అనుచరుడు బాలన్న జేబులో వేసుకునేవాడు. ఒకే ట్యూబుతో గట్టు, వీపనగండ్ల, ఖిల్లా ఘణపూర్ ఊళ్లలో ప్రారంభోత్సవాలు అయిపోయాయి. ప్రజాధనం పొదుపు చేయడమంటే అదీ!

ఇంతలో చుక్కి చిక్కిపోసాగింది. వెంట్రుకల నిగనిగ పోయింది. దాణా సగం తిని సగం వదిలేస్తోంది. కిష్టమ్మ దాన్ని పశువుల దవాఖానకు తోలుకుపోయింది. డాక్టర్ అమూల్య కనురెప్ప తిప్పి చూసి, డొక్క తడిమింది.

"అవ్వా, దీనికి నట్టల మందు ఏమన్న తాపినవా?"

"అయ్యో, తాపుడేంది బిడ్డా! చైర్మన్ సారు ఊరూరా నాకిస్తనే ఉండె."

అమూల్య తల పట్టుకుంది. "గట్ల జర్ర జర్ర పూస్తే నట్టలు సావవు అవ్వా. వాటికి మందు అలవాటయితది."

"మా ఆయనకు కల్లు అలవాటైనట్టా?"

"ఎట్ల?"

"మొదట్ల ఒక్క గిలాసకే పండుతుండె. తర్వాత కుండ లేపినా సక్కగ నడుసుకుంట వచ్చి నన్నే తిడుతుండె."

"అచ్చం గంతే! ముందుగాల తాజా లద్ది చూడాలె. అండ్ల నట్టల గుడ్లు ఎన్నున్నయో చూసి, ఎక్కువున్న గుర్రానికే, దాని బరువుకు తగ్గట్టు, నిండుగ తాపాలె. కొద్దిగ ఉంటే గుర్రానికేం కాదు. అన్నిటికీ ఊకె తాపొద్దు."

మందు పెట్టెలన్నీ మండలి చేతిలో ఉన్నాయి గనుక, మందు ఇచ్చే ముందు గుర్రాలన్నిటికీ లద్ది పరీక్ష చేయాలని అమూల్య చైర్మన్ గారికి విన్నవించింది. ఆయన పొంగిపోయారు. "పరీక్షేంది డాక్టరమ్మా, పండుగే చేద్దాం!" అన్నారు.

అలా మొదలైంది లద్ది పరీక్షా మహోత్సవం. మూడు జిల్లాల గుర్రాల లద్దినీ స్టీలు డబ్బాల్లో తెప్పించారు. శుభకార్యం కాబట్టి డబ్బాలకు పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, బంతిపూలు చుట్టి, వేదిక మీద ఎండలో వరసగా పేర్చారు. ప్రారంభించడానికి రావలసిన పెద్ద నాయకుడు ఇవాళ వస్తానన్నాడు, రేపన్నాడు, ఎల్లుండికి దయచేశాడు. డబ్బాలు మాత్రం క్రమశిక్షణతో అక్కడే ఉన్నాయి.

"సార్, లద్ది సల్లగ ఉండాలె," అని అమూల్య మొత్తుకుంది. "ఇంత ఎండల ఇన్ని దినాలు పెడితే గుడ్లు పగిలి పిల్లలైపోతయి. చూస్తే గుడ్లు కనవడయి."

"కనవడొద్దనే గదమ్మా మన తండ్లాట!" అన్నారు చైర్మన్ గారు.

ఆయన మాటే నెగ్గింది. గుడ్లు సున్నా. నమూనాలు పాడయ్యాయి, ఈ లెక్క పనికిరాదని అమూల్య రాసిచ్చింది. చైర్మన్ గారు అందులో సున్నా వరకు మైకులో చదివి, గొంతు గద్గదమై ఆపేశారు. నట్టలు లేని ప్రాంతమని అక్కడికక్కడే ప్రకటించారు. మందు పెట్టెలన్నీ గదిలో పెట్టి తాళం వేయించారు.

కిష్టమ్మ మందు కోసం వెళ్తే బాలన్న అడ్డం నిలబడ్డాడు.

"నట్టలే లేనికాడ నట్టల మందేంది పెద్దమ్మా? మందిస్తే నట్టలున్నయని ఒప్పుకున్నట్టు గాదా?"

"మరి నా గుర్రం కడుపుల ఉన్నవేంది కొడుకా?"

"అవి నీ సొంతయి. సర్కారుకు సమ్మంధం లేదు."

ఆమె నేరుగా చైర్మన్ గారి కాళ్ల మీద పడింది. "సారూ, జర దయజూడు. అది పోతే నేను ఎవరింటి ముంగట నిలవడాలె?"

ఆయన ఆమెను ఆప్యాయంగా లేపారు. "ఎందుకు పరేషాన్ అయితవు అవ్వా? రేపు విజయోత్సవ ర్యాలీ. నీ చుక్కి మీదనే ఎక్కుత. అయినాంక చూద్దాం."

ర్యాలీ నాడు చైర్మన్ గారు, ఆయన శాలువాలు, గజమాల, అన్నీ కలిసి చుక్కి మీద కూర్చున్నాయి. కిష్టమ్మ కళ్లెం పట్టుకుని, "ఒక్క అడుగు తల్లీ, ఇంకొక్క అడుగు," అని బతిమాలుతూ నడిపించింది. వేదిక ముందుకు వచ్చేసరికి చుక్కి ముందు కాళ్లు వణికి, మెల్లగా ముడుచుకున్నాయి. చైర్మన్ గారు దాని మెడ మీదుగా జారి, గౌరవం చెడకుండా నేల మీద దిగారు.

బాలన్న గొప్పవాడు. "చూడుండ్రి! మూగజీవి మోకరిల్లి దండం పెడుతుంది!" అని అరిచాడు. మర్నాడు పేపర్లలో అదే ఫోటో. అది చూసి మంత్రిగారికి కన్నీళ్లు వచ్చాయట. ఆ విశ్వాసం గల గుర్రం దండం పెట్టడాన్ని సభలో స్వయంగా చూస్తానని కబురు పెట్టారు.

ఇప్పుడు చుక్కి బతకాలి. అది ప్రభుత్వ అవసరం. చైర్మన్ గారు గది తాళం తీయించారు. నట్టల మందు అనకుండా, బలం మందు అని రాసి సంతకం పెట్టారు. అమూల్య అప్పుడే వేసిన లద్ది తీసుకుని చూస్తే, గుడ్లు కుప్పలు. అలవాటైన మందు పక్కన పెట్టి వేరే రకం తీసింది. టేపుతో ఛాతీ కొలిచి, బరువు లెక్కగట్టి, నిండా తాపింది. కొట్టంలో లద్ది రోజూ ఎత్తిపోయమని కిష్టమ్మకు చెప్పింది. కొన్నాళ్లకు మళ్లీ లద్ది చూస్తే గుడ్లు దాదాపు లేవు. చుక్కి దాణా గిన్నె నాకి, ఇంకా కావాలని గిన్నెను తన్నింది. ఆ చప్పుడు విని కిష్టమ్మ ఏడ్చింది.

మంత్రిగారు వచ్చే ముందు రోజు ఉదయం చైర్మన్ గారు రిహార్సల్‌కు ఆ ఇంటికి వచ్చారు. చుక్కి తల ఎత్తి నిలబడింది. బాలన్న బెల్లం చూపించాడు. తినేసింది. మోకాళ్ల మీద తట్టాడు. తన్నబోయింది. చైర్మన్ గారు రెండు చేతులూ జోడించి చూపించారు. ఆయన మెడలోని పూలదండ కొరికింది.

"ఇదేంది అవ్వా, వంగుతలేదు?"

"గిప్పుడెందుకు వంగుతది సారూ, మంచిగైంది గద."

ఆయన చుట్టూ చూసి, గొంతు తగ్గించారు. "ఆ మొన్నటి నట్టలు యాడన్న దొరుకుతయా? ఒక్క రేపటికే. సభ అయినాంక మళ్ల తీసేద్దాం."

చుక్కి తోక ఎత్తి, వెచ్చగా, తాజాగా లద్ది వేసింది.

చైర్మన్ గారి కళ్లలో ఆశ మెరిసింది. పంచె సర్దుకుని, చుక్కి వెనక రెండు మోకాళ్ల మీద కూర్చుని, నేల మీదికి వంగి వెతకసాగారు.

చుక్కి మెడ తిప్పి ఆయనను చూసింది. బాలన్న, అలవాటు ప్రకారం, ఫోటో తీశాడు.