మృగరాజు కోతలు

ఒక పెద్ద అడవిలో రాసేవాళ్లకు కరువు లేదు, చదివేవాళ్లకే ఉంది. అక్కడ కంటకరావు అనే ముళ్లపంది ఉండేది. వీపు నిండా కలాలు మొలిచిన జన్మ కదా, రాయక ఏం చేస్తుంది? దాని పుస్తకాలన్నీ కలుగులోనే మూలుగుతుండేవి. వాటిని అక్షరం వదలకుండా నమిలినవి చెదపురుగులే. ఒక్కరైనా తన పుస్తకం చివరిదాకా చదివితే చాలు, హాయిగా కన్నుమూస్తానని కంటకరావు అనుకునేది.

పెద్దవాళ్ల పేరుంటే జనం ఎగబడతారని ఎవరో చెబితే, ఈసారి సింహం మీద రాసింది. సింహం పడుకునే గుహలన్నిటినీ కోటలని పొగిడి, 'మృగరాజు కోటలు' అని పేరు పెట్టింది.

ఆ అడవిలో బెరడు మీద అక్షరాలు చెక్కే పని వడ్రంగిపిట్టది. పనిమంతురాలే గానీ, మధ్యలో పురుగు కనిపిస్తే ధ్యాస అటు పోతుంది. పోయింది. అట్ట మీద 'ట' బదులు 'త' పడింది.

'మృగరాజు కోతలు.'

అది చూసి కంటకరావుకు పై ప్రాణాలు పైనే పోయాయి. ప్రతులు వెనక్కి తెద్దామని సంతకు పరిగెత్తేసరికి ఒక్కటీ మిగల్లేదు. ఎలుగుబంటి పొట్ట పట్టుకుని నవ్వుతోంది. కుందేళ్లు ఆకుల చాటున వంతులు వేసుకుని చదువుతున్నాయి. "రాజుగారు ఒక్క దూకులో ఏరు దాటెను" అని తను భక్తితో రాసిన వాక్యానికే కోతులు కిందపడి దొర్లుతున్నాయి. ఎదురుపడితే ముఖం తిప్పుకునే నక్క, అడవికంతటికీ పెద్ద విమర్శకుడు, కావలించుకోబోయి ముళ్లు చూసి ఆగింది.

"ఎక్కడా నవ్వకుండా ఎంత నవ్వించారండీ. మీలో ఇంత వ్యంగ్యం ఉందని మాకు తెలీనే తెలీదు," అంది.

అచ్చుతప్పని చెప్పడానికి కంటకరావుకు నోరు రాలేదు.

మర్నాడు సింహం కబురు పెట్టింది. వ్యంగ్యమేనని ఒప్పుకుంటే ప్రాణం పోతుంది, అచ్చుతప్పంటే పాఠకులు పోతారు. దారి పొడవునా ఏడ్చి, చచ్చినా సరే పాఠకుల్ని వదులుకోకూడదని కంటకరావు తీర్మానించుకుంది.

"అవి కోతలే ప్రభూ," అంది తల వంచుకుని.

"ఊరుకోవయ్యా," అంది సింహం. "చివరి పేజీదాకా చదివాను. అన్నీ నిజాలే రాశావు. ఆ పిట్ట చేసిన తప్పు నీ నెత్తినేసుకుంటావెందుకు?"

అంతటితో ఆగక, ప్రతి అట్ట మీదా 'త'ను 'ట'గా దిద్దించమని ఆజ్ఞ కూడా వేసింది.

దిద్దించారు. లోపల ఒక్క అక్షరం మారలేదు. అయినా సాయంత్రానికల్లా పుస్తకాలన్నీ కలుగు ముందు కుప్పపడ్డాయి. నమ్మించి పొగడ్తలు చదివించావని ఎలుగుబంటి తిట్టిపోసింది. నక్క మళ్లీ ముఖం తిప్పుకుంది. చెదపురుగులు మాత్రం ఎప్పటిలా వరసకట్టి వచ్చాయి.

కొన్నాళ్లకు కంటకరావు కొత్త రాతప్రతి చంకన పెట్టుకుని వడ్రంగిపిట్ట దగ్గరికి వెళ్లింది. రెండో చేతిలో దొన్నెడు పురుగులున్నాయి.

"తొందరేం లేదమ్మా," అంది దొన్నె పక్కన పెడుతూ. "మధ్యమధ్యలో తింటూ చెక్కు."

ఇందులో నీతి కావాలంటే ఇదొక్కటే: రచయితలారా, ప్రూఫులు దిద్దకండి.