ఖాళీ ఇళ్ల కళకళ కమిటీ

పొరుగింట్లో మనుషులు లేకపోవడాన్ని మించిన భాగ్యం ఈ లోకంలో ఉందా? మీరే చెప్పండి! పొద్దున్నే మిక్సీ మోత ఉండదు. మీ గేటుకి అడ్డంగా వాళ్ల బండి ఉండదు. "పిన్నిగారూ, నాలుగు రెబ్బలు కరివేపాకు" అంటూ వచ్చి చెట్టంతా దూసుకుపోయేవాళ్లుండరు. ఖాళీ ఇల్లంత మర్యాదగల పొరుగు విశాఖపట్నం అంతా గాలించినా దొరకదు!

ఆ భాగ్యం ఉక్కునగరం గోడకి ఇవతలున్న మా ఫౌండ్రీ కాలనీకి దండిగా పట్టింది. ఫౌండ్రీ మూతపడింది. పనులు వెతుక్కుంటూ కొందరు గోపాలపట్నం పోయారు, కాస్త చేతిలో డబ్బు ఆడేవాళ్లు పెందుర్తిలో ఫ్లాట్లు కొనుక్కుని పోయారు. పోతూ పోతూ ఇంటి తాళాలు గురునాథరావుగారి చేతిలో పెట్టారు. ఆయన ఆ ఫౌండ్రీలోనే సూపర్‌వైజరుగా రిటైరైన పెద్దమనిషి. ఒకప్పుడు ఆయన చేతికింద మనుషులుండేవారు, ఇప్పుడు తాళాలున్నాయి. ఆ గుత్తి మొలకి కట్టుకుని వీధిలో నడుస్తుంటే, గంటలు కట్టిన ఎద్దేదో వస్తోందనుకుని కుక్కలు లేచి నిలబడతాయి.

ఖాళీ ఇల్లు కనబడితే దొంగలొస్తారు, పాములొస్తాయి. అన్నిటికన్నా ఘోరం, సైటు రేట్లు పడిపోతాయి! అందుకని ఆయన 'కళకళ కమిటీ' స్థాపించారు. ఇళ్లలో మనుషులుండక్కర్లేదు, ఉన్నట్టు కనబడితే చాలునన్నది కమిటీ సిద్ధాంతం.

ఏం చేశారనుకున్నారు? ప్రతి ఇంటి దండెం మీదా ఒక పాత చీర, ఒక లుంగీ ఆరేయించారు. గుమ్మం దగ్గర చెప్పుల జత కంపల్సరీ! ఒకింట్లో అయితే రేడియో పెట్టి తాళమేశారు. ఎదురింటి మంగాయమ్మగారు గేటు దగ్గర నిలబడి, "కాస్త సౌండు తగ్గించండమ్మా, సెవులు పోతన్నాయి" అని మర్యాదగానే అడిగారు. జవాబు లేదు. ఆ ఇంట్లోవాళ్లకి ఎంత పొగరో అని తిట్టుకుని, అప్పట్నుంచీ ఆ ఇంటితో మాటలు మానేశారు. కమిటీకి ఇంతకంటే సర్టిఫికెట్ ఏం కావాలి?

ఈ కళంతా దేముడమ్మ చేతి చలవే. పొద్దు పొడవకుండా వచ్చి, తాళమున్న ప్రతి గుమ్మం ముందూ కళ్లాపి జల్లి ముగ్గేస్తుంది. ఆవిడ ఉండేది కాలనీ వెనక, సాయిశంకర్ అద్దెకిచ్చిన రేకుల షెడ్డులో. తోడు మనవరాలు హేమశ్రీ. పిల్ల పదో తరగతి, స్కూలు కాలనీ చివరే. షెడ్డు పడగొట్టి అపార్ట్‌మెంట్ లేపుతాను, నెలాఖరుకి ఖాళీ చేసెయ్యండని సాయిశంకర్ కబురంపాడు.

పాపం దేముడమ్మ, తెలియక, గురునాథరావుగారి దగ్గరికొచ్చింది. "బాబూ, ఇన్నిళ్లు కాళీగున్నాయి గదా! ఏదో ఒక దాంట్లో వంటగదిచ్చినా నానూ పిల్లా పడుంటాం. దాని పరీచ్చలయ్యేదాకానే బాబూ. ఊడ్సి తుడిసి అద్దంలాగుంచుతాను."

అనాల్సిన మాటేనా అది? ఆయన మనసు నిజంగానే చివుక్కుమంది.

"ఏటి దేముడమ్మా, నువ్వు కూడా ఇలాగ మాటాడితే ఎలాగ? కాళీ ఇళ్లని కాపాడాలని గదా కమిటీ ఎట్టాం! నువ్వొచ్చి కూకుంటే అది కాళీ ఇల్లెలాగవుద్ది? ఒక ఇల్లు మనకి తగ్గిపోదూ?"

లాజిక్కులో ఎక్కడైనా తప్పుందా? చూపించండి!

అంతలో కమిటీ వార్షికోత్సవం వచ్చింది. 'ఉత్తమ ఖాళీ ఇల్లు' పోటీ పెట్టి, ఊరు మారిన ఓనర్లందరినీ పిలిచారు. గురునాథరావుగారికి అప్పుడు వెలిగింది బల్బు. దేముడమ్మనీ హేమశ్రీనీ, పెందుర్తి వెళ్లిపోయిన గవర్రాజు ఖాళీ ఇంట్లో పెట్టారు. వంటింట్లో చేపల పులుసు మరగాలి, వరండాలో పిల్ల చదువుకుంటూ ఉండాలి, జడ్జీలు వెళ్లగానే గిన్నెలు తోముకుని దిగిపోవాలి. అదీ ప్లాను!

హేమశ్రీ మాత్రం యాక్షన్ చెయ్యలేదు. ఫ్యాను కింద కూర్చుని చదవడం ఆ పిల్లకి అదే మొదలు. జడ్జీలొచ్చినా తలెత్తలేదు.

గవర్రాజు గేటు తీసేసరికి పులుసు వాసన వీధిలోకొచ్చి ఎదురైంది. అతని కళ్లు చెమర్చాయి. "మా ఇల్లు మళ్లీ ఇల్లులాగుంది బావా!" అని గురునాథరావుగారిని వాటేసుకున్నాడు. ఫస్ట్ ప్రైజు ఇంకెవరికి? దండ తెచ్చి గేటుకి వేశారు, అందరూ చప్పట్లు కొట్టారు.

గవర్రాజు మారు వడ్డించుకుని మరీ తిన్నాడు. ఇదే అదను అనుకుంది దేముడమ్మ. "బాబూ, మరి మమ్మల్ని ఇక్కడే ఉండిపొమ్మంటారా?"

గవర్రాజు చెయ్యి కడుక్కుంటూ, "అమ్మో! మనుసులుంటే ఇల్లు పాడైపోద్ది గదేటి?" అన్నాడు. ఓనరు బాధ ఓనరుకే తెలుస్తుంది!

నెలాఖరుకి దేముడమ్మ సామానంతా ఆటోలో వేసుకుని గోపాలపట్నంలో తమ్ముడి పంచన చేరింది. హేమశ్రీకి ఇప్పుడు స్కూలంటే రెండు బస్సులు. సాయిశంకర్‌కి బ్యాంకు లోను రాలేదు, అపార్ట్‌మెంట్ లేవలేదు. షెడ్డుకి తాళం వేసి, చెవి తెచ్చి ఎవరి చేతిలో పెట్టాడో మీకు చెప్పాలా?

గురునాథరావుగారి ఆనందం చూడాలి! కమిటీకి ఇంకో ఇల్లు పెరిగింది! స్వయంగా వెళ్లి చూసి ఇంకా మురిసిపోయారు. గుమ్మం పక్కన అరిగిన స్కూలు బూట్ల జత ఒకటి, ఎవరో ఇప్పుడే విప్పి లోపలికెళ్లినట్టు ఉంది. కమిటీకి పైసా ఖర్చు లేకుండా ఎంత సహజంగా కుదిరిందండీ!

మర్నాడు హేమశ్రీ బస్సు దిగి, రబ్బరు చెప్పుల్తో పరుగున వచ్చింది. హడావుడిలో మర్చిపోయిన బూట్లు తీసుకోబోయింది.

"ఆగాగు తల్లీ, ముట్టుకోకు!" గురునాథరావుగారు కంగారుపడ్డారు. "అయ్యి అక్కడుంటేనే గదా లోపల మనుసులున్నట్టుంటాది!"

"మొన్నటిదాకా ఉన్నాం గదా తాతగారూ," అంది హేమశ్రీ. ఆ గుమ్మంలోనే కూర్చుని, బూట్లు తొడుక్కుని, లేసులు బిగించుకుని స్కూలుకి వెళ్లిపోయింది.

అయ్యా, అమ్మా! ఇప్పుడా షెడ్డు గుమ్మం బోసిగా ఉంది. ముగ్గేసేవాళ్లు కూడా లేరు. కమిటీ తరఫున చిన్న విన్నపం. మీ ఇంట్లో పాత చెప్పులేమైనా ఉంటే పంపించండి. వాటిని తొడుక్కునే మనుషుల్ని మాత్రం పంపకండి. మా దగ్గర ఖాళీ లేదు!