గుర్వయ్య కుర్చీకి జాజు

యూనియన్ మిలిట్రీ వచ్చి నిజాం సర్కారు పడిపోయిందని ఊరు సంబరపడి ఎక్కువ కాలం కాలేదు, పట్నం పారిపోయిన దొర కాంగ్రెసు తెల్లటోపీ పెట్టుకుని మళ్లీ కోటలాంటి తన గడిలో దిగాడు. వెనకాలే పోలీసు క్యాంపు దిగింది. ఎర్రజెండా సంగం రోజుల్లో గడిలోంచి జనం ఎత్తుకుపోయిన సామానంతా తిరిగి రావాలి, రాకపోతే తీసుకుపోయిన మనిషే క్యాంపుకు రావాలి అని చాటింపు వేశారు. పక్కింటి భిక్షపతిని అప్పటికే తీసుకుపోయారు. మొదట్లో అతని కేకలు వినబడేవి. తర్వాత వినబడలేదు.

జనం చెంబులు, తలుపులు, ఆఖరికి గడి ఆవు ఈనిన దూడను కూడా పట్టుకెళ్లి ఇచ్చేశారు. ఇవ్వనిది మన గొర్ల గుర్వయ్య ఒక్కడే. గడి మీద జనం పడినరోజు ఈ మహానుభావుడు అందరికంటే ఆఖర్న చేరాడు. వడ్లు ఒకరికి, గొడ్లు ఒకరికి పోగా, పెరట్లో పారేసిన కుర్చీ ఇతనికి దక్కింది. దానికి ఒక చెయ్యి లేదు, ఒక కాలు పొట్టి, అల్లిక చినిగి కింద నేల కనబడేది.

అయినా అందులో కూర్చుంటే గుర్వయ్యకు కడుపు నిండినట్టుండేది. ఒకప్పుడు దొర వీధిలో పోతుంటే మంచం మీంచి లేవలేదని అతని బాపును ఎండలో వంగబెట్టి వీపు మీద బండ పెట్టారు. బాపు మళ్లీ నిటారుగా నిలబడింది లేదు. అందుకే ప్రాణమిస్తాను గాని కుర్చీ ఇవ్వనన్నాడు గుర్వయ్య. ప్రాణం ఇంకా ఎవరూ అడగలేదు గనుక ధైర్యంగానే అన్నాడు.

“తీస్కపోయి బాయిల పారెయ్యి” అంది అతని పెళ్లాం గోపమ్మ.

“రంగేస్తనే. కన్నతల్లి గూడ గుర్తువట్టది.”

“కుర్చీకి కన్నతల్లి యాడుంటదయ్యా? గుర్తువట్టేది దొర.”

“నీకు తెల్వదు, ఊకో.”

“తెల్వకనే గద, నీతోని కాపురం జేస్తున్న.”

గుర్వయ్య నకిరేకల్ అంగట్లో జాజు, అదే గోడలకు పూసే ఎర్రమట్టి, కొనుక్కొచ్చాడు. చినిగిన చోట గోనెసంచి కుట్టి, పొట్టి కాలికి చెక్క కొట్టి, జాజులో ఆముదం పోసి కలపడం మొదలుపెట్టాడు.

“జాజు నీళ్లల్ల కలుపుతరు. ఆముదం ఎన్నడన్న ఎండుతదా?”

“నీళ్లల్ల కలిపితే మెరుస్తదా? దొరల కుర్చీలు మెరుస్తయే!”

“అంటే గిది దొర కుర్చీ అని నువ్వే చాటింపేస్తున్నవా? అండ్ల ఎరుపొకటి! ఊరోళ్లంత ఎర్రగుడ్డలు పొయిల వెడ్తుంటే!”

ఆ మాట పూర్తయ్యేలోపు గుర్వయ్య రెండో పూత కూడా పూసేశాడు.

కుర్చీ మెరిసింది గాని ఎండలేదు. వాకిట్లో ఎండకు పెట్టాడు, నోటితో ఊదాడు, తాటాకుతో విసిరాడు. ఈగలు అంటుకున్నాయి. కోడిపెట్ట ఎక్కి దిగి ఇల్లంతా ఎర్రకాళ్లతో తిరిగింది. వేరే రోజుల్లో అయితే గోపమ్మ పడీపడీ నవ్వేది. ఇప్పుడు వీధి వైపే చూస్తూ కూర్చుంది.

ఆమె భయపడినట్టే దొర దగ్గర పెత్తనం చేసే దశరథం, తెలుగు రాని ఒక పోలీసును వెంటేసుకుని వచ్చాడు. కుండలు పగలగొట్టి వెతికాడు, గొంగళ్లు దులిపి వెతికాడు.

“గడిల కుర్చీ నీతాన ఉన్నదట?”

“నీ బాంచెన్ దొరా, కుర్చీల కూసునే మొఖమా నాది?”

“దాచిన జాగ చెప్పు, లేకుంటే తోలు తీస్త!” అంటూ ఎండకు అలసిపోయిన దశరథం వాకిట్లో ఉన్న ఎర్రకుర్చీలో కూలబడ్డాడు.

దశరథం కుర్చీని గుర్తుపట్టనే లేదు. గుర్వయ్య తన పనితనానికి ఒక్క క్షణం గర్వపడ్డాడు కూడా, అబద్ధమెందుకు.

దశరథం లేచాడు. కుర్చీ కూడా అతనితోపాటే లేచింది. పోలీసు పట్టుకుని లాగితే ఊడింది గాని, తెల్లటి ధోతి వెనకంతా ఎర్రగా అయిపోయింది.

“దొర మనిషికి సంగపోళ్ల రంగు పూస్తవారా? నడువ్ క్యాంపుకు!”

పోలీసు గుర్వయ్య మెడ పట్టుకున్నాడు.   ఆగిపోయిన భిక్షపతి కేకలు గుర్వయ్య చెవిలో మళ్లీ పడ్డాయి.

అప్పుడు గోపమ్మ జుట్టు విరబోసుకుని ఊగిపోయింది.

“ఎవడ్రా నా గద్దె మీద కూసున్నది? మైసమ్మనురా! జాజు వూసి, ఆముదం వోసి నా గొర్లకాపరి గద్దె వెట్టుకుంటే, దాని మీద కూసుంటవా? నీ ఇంట్ల పిల్లల మీదికి రావాల్నా?”

దశరథం మొహంలో నెత్తురు చుక్క లేదు. జప్తు చేయడానికి వచ్చిన కుర్చీ ముందే బోర్లా పడ్డాడు. “తల్లీ, తప్పయింది! కోడిని గోస్త, నీ ముందల కల్లు ఆరవోస్త!” అన్నాడు. భాష రాకపోయినా పోలీసుకు సంగతి అర్థమై బూట్లు విప్పేశాడు. దశరథం దండాలు పెట్టుకుంటూ వెనక్కి వెనక్కి నడిచిపోయాడు. సగం భక్తితో, సగం ధోతి మరక కనబడకుండా.

“ఏందే, నిజంగనే అమ్మ వచ్చిందా?” అన్నాడు గుర్వయ్య.

“నిన్ను తీస్కపోతుంటే ఏదో ఒకటి రావాలె గదయ్యా!” అని గోపమ్మ అరుగు మీద కూలబడి వెక్కివెక్కి ఏడ్చింది. 

సాయంత్రానికి ఊరి ఆడవాళ్లు పసుపు, వేపమండలు పట్టుకుని వచ్చేశారు. “జర జరుగు” అని గుర్వయ్యను పక్కకు నెట్టి కుర్చీ మీద దీపం పెట్టారు. దశరథం పంపిన కోడి కూడా వచ్చింది. అందరూ వెళ్లేదాకా ఆగి గుర్వయ్య మెల్లిగా అడిగాడు.

“ఒక్కపారి కూసుంటనే. ఎవరు జూస్తరు?”

“కూసో. రేపు నీ ఎనక ఎరుపు జూసి ఊరంత చెప్తది, కూసున్నవని.”

గుర్వయ్య వెనక్కి తగ్గి కుర్చీ ముందు నిలబడ్డాడు.

“నిలవడ్డవేంది? దండం వెట్టు” అంది గోపమ్మ, కళ్లు తుడుచుకుంటూ. “దశరథం మనుషులు గోడ మీదికెళ్లి జూస్తున్నరు.”

గుర్వయ్య తన ఇంట్లో, తన వాకిట్లో, గడి కుర్చీ ముందు చేతులు జోడించి నడుము వంచాడు.