రెండు తుపాకీ మోతలు, ఒక కంచరగాడిద

మానవజాతి ఇంతవరకు చేసిన యుద్ధాలన్నీ తొందరపాటుతోనూ అమర్యాదగానూ జరిగాయి. వాటిని సరిదిద్దే భారం విరాజ్‌పేటలోని మా 'సైనిక చరిత్ర సత్య సభ్యతా బృందం' మీద పడింది. బృందం మా ఫోన్లలోనే ఉంటుంది. అధ్యక్షుడు టైర్ల షాపు పెమ్మయ్య, మర్యాద కార్యదర్శిని నేను; నేను ఆమోదించనిదే ఏ సందేశమూ బృందంలో కనిపించదు. (మేమిద్దరం యుద్ధం చూడలేదు. అందుకే మాకు పక్షపాతం లేదు.)

నియమాలు రెండే. ఆధారం లేనిదే ఏదీ రాయకూడదు. 'గౌరవనీయులైన' అనకుండా ఎవరినీ పిలవకూడదు.

డెబ్బై ఒకటి యుద్ధానికి వెళ్లొచ్చినవాళ్లు మాలో ఇద్దరే: సుబేదార్ బిద్దప్ప, హవల్దార్ మొణ్ణప్ప. చిన్ననాటి స్నేహితులు. ఒకే కాఫీతోటకు ఈ చివర ఒకరి ఇల్లు, ఆ చివర ఇంకొకరిది. గుండ్లు పేలకముందే తమ దళం బరువులు మోసే కంచరగాడిద పారిపోయిందని బిద్దప్ప రాశాడు. పేలాకే అన్నాడు మొణ్ణప్ప. ఆధారం అడిగాం. "నేనక్కడే ఉన్నాను" అన్నారిద్దరూ. అది ఆధారం కాదని మర్యాదగా తెలియజేశాం. ఆపైన నెలల తరబడి ఒకరినొకరు 'గౌరవనీయులైన' అంటూ తిట్టుకున్నారు. ఆదివారాలు కలిసి పంది కూర తినడం మానేశారు. మొణ్ణప్ప ఫోన్ చేస్తే బిద్దప్ప ఎత్తడు, బృందంలో రాసింది మాత్రం చదువుతాడు. (అంత సభ్యమైన కాలం మా బృందం మరొకటి ఎరగదు.)

మొన్న పొద్దున్న మొణ్ణప్ప సందేశమొకటి నా ఆమోదానికి వచ్చింది.

"ఒరేయ్ బిద్దూ, నువ్వన్నదే నిజంరా. గాడిద ఉండి ఉంటే దెబ్బ తగిలిన నిన్ను నేనెందుకు మోస్తాను? నీ బరువు గుర్తుంది గానీ దాని సంగతే మరిచిపోయాను. అలక మాని రా, కాఫీ పెట్టిస్తా."

'ఒరేయ్' ఉంది. 'గౌరవనీయులైన' లేదు. బరువుకు ఆధారం జతపరచలేదు. తిరస్కరించాను.

కాసేపటికి మొణ్ణప్ప ఇంటి వైపు తుపాకీ రెండుసార్లు మోగింది. మా కొడగులో మగబిడ్డ పుడితే ఒక మోత, మనిషి పోతే వెంటవెంటనే రెండు. రెండోది కొండ నుంచి వచ్చిన ప్రతిధ్వని కావచ్చని, అలాగైతే ఇది పుట్టుకేనని పెమ్మయ్య సందేహం లేవదీశాడు. ఓటింగ్ పెట్టాం. స్వల్ప ఆధిక్యంతో మొణ్ణప్ప చనిపోయాడు. సంతాపం ప్రకటించాం.

బిద్దప్ప ఓటు వేయలేదు. చెప్పులైనా వేసుకోకుండా, నొప్పుల మోకాళ్లతో తోటకడ్డంగా పరుగెత్తాడు. "ఇన్నాళ్లూ ఫోన్ పట్టుకు కూర్చున్నావు, ఇప్పుడేడిస్తే ఏం లాభం?" అంటూ వెనకే భార్య బొళ్ళమ్మ. నిజనిర్ధారణ కోసం నేనూ వెళ్లాను.

మొణ్ణప్ప వసారాలో తుపాకీ పక్కన పెట్టుకుని కాఫీ చల్లార్చుకుంటున్నాడు.

"పోయావనుకున్నానురా," అన్నాడు బిద్దప్ప. ఏడుపు ఆగడం లేదు.

"పోతే గాని రావు కదా నువ్వు. కూర్చో. పడిపోయేవు, ఈసారి మోయలేను, నడుము పోయింది."

"ఇలాగేనా పిలవడం? సిగ్గులేదూ?"

"నువ్వన్నదే నిజమని రాస్తే ఈ కార్యదర్శిగారు తిప్పికొట్టారు. ఇంకేం చెయ్యమంటావు?"

ముగ్గురూ నా వంక చూశారు. నాకు కాఫీ ఇవ్వలేదు.

ఆ సాయంత్రమే బృందం సమావేశమైంది. ఆధారం లేకుండా బతికి ఉన్నందుకు మొణ్ణప్పనూ, ఓటింగ్ ఫలితాన్ని మన్నించనందుకు బిద్దప్పనూ సగౌరవంగా తొలగించాం. ఇప్పుడు మా బృందంలో యుద్ధం చూసినవాళ్లు ఒక్కరూ లేరు. అభిప్రాయభేదాలు కూడా లేవు.