సీలు తెగని సరంగు

తనిఖీ రోజు పొద్దున్న పదిన్నరకి, విహారపు లాంచీ నడిపే సరంగు ఓలేటి నూకరాజు మంటలార్పే సిలిండరుగా మారిపోయాడు. ఆ రేవులో ఏడు లాంచీలకీ కలిపి ఉన్నది ఒకటే సిలిండరు. తనిఖీ అధికారి ఒక లాంచీ చూసి, దిగి, కొబ్బరిబొండం తాగేలోగా దాన్ని గోనెసంచిలో చుట్టి పక్క లాంచీకి చేరవేయడం అక్కడి ఆనవాయితీ. ఆ రోజు అది చెయ్యి జారి గోదాట్లో పడింది. జార్చింది నూకరాజే. సిలిండరు లేక లాంచీ ఆగితే కొలువు ఊడుతుంది. ఏడో తరగతితో బడి మానేసిన యాభై రెండేళ్లవాడికి ఇంకెవరూ చుక్కాని అప్పజెప్పరు. అందుకని ఖాళీగా ఉన్న మేకుకి తనే తగులుకుని, ఎర్రబడ్డాడు.

అధికారి ఆశ్చర్యపోలేదు. తూకం చూశాడు. ఒత్తిడి చూపే ముల్లు పచ్చగీత మీద ఉందని రాసుకున్నాడు. ఇన్నేళ్లూ యజమాని ముందు మింగిన మాటలన్నీ ఇలా ఒత్తిడిగా పనికొచ్చాయని నూకరాజుకి అప్పుడర్థమైంది. లాగితే గ్యాసు వదిలే పిన్నుకి సీలు వేసి, మెడకి ఏడాది గడువు చీటీ కట్టారు. జన్మలో అతను పాసైన పరీక్ష అదొక్కటే.

సిలిండరు లాంచీ నడపరాదు గనక చుక్కాని అతని బామ్మర్దికిచ్చారు. మేకు మీద చోటు మాత్రం ఖాయమైంది. కొలువు పూర్తిగా పోలేదుగా అని సర్దుకున్నాడు.

వారం తిరక్కుండానే లాంచీ వంటగదిలో బజ్జీల నూనె అంటుకుంది. అక్కడ వంటచేసేది అతని భార్య చిట్టెమ్మే. పరుగున వచ్చి పిన్ను మీద చెయ్యేసింది.

"ఆగమ్మా," అన్నాడు యజమాని సుబ్బారాయుడు. "సీలు తెగితే లాంచీ ఆపేత్తారు. రేపు మళ్లీ తనిఖీకొత్తే పక్క లాంచీలోనూ ఇతన్నే చూపించాల."

ఆమె మొగుడివైపు తిరిగింది. "నువ్వైనా చెప్పవయ్యా. లాగెయ్యనా?"

లోపలున్నదంతా గొంతుదాకా వచ్చింది. ఒక్కసారి వదిలితే మంట ఆరుతుంది. ఆ తర్వాత తను ఖాళీ డబ్బా. ఖాళీ డబ్బాని మేకు మీద ఎవరుంచుతారు?

"ముట్టుకోకే," అన్నాడు.

చిట్టెమ్మ తడి గోనెపట్టా కప్పి ఆర్పింది. కుడిచెయ్యి మోచేతిదాకా కాలింది. బజ్జీలింకా రాలేదేమని ప్రయాణికులు అడిగారు.

సాయంత్రం ఆమె చేతికి కట్టుతో వచ్చి అతని కింద కూర్చుంది. తిట్టలేదు. నొప్పిగా ఉందా అని అడగాలని అతనికీ ఉంది. కానీ మాట్లాడితే ఎంతో కొంత గాలి పోతుంది. నోరు బిగించి, గడువు చీటీ కనబడేలా కాస్త ఇటు తిరిగాడు.